ఉప్పుగాలిలో తంతిలేని మాట

తంతి లేకుండ వార్త నడుచుట అండమానులకు నిన్నమొన్నటి వింత గాదు. 1905 ప్రాంతముననే పోర్టుబ్లెయిరునకును, బర్మా తీరమునకు చేరువనున్న డైమండ్ ద్వీపమునకును నడుమ, సుమారు 300 మైళ్ల సముద్రముమీదుగా, లాడ్జి-మ్యూర్‌హెడ్ పద్ధతి ననుసరించి తంతిలేని టెలిగ్రాఫు నెలకొల్పబడెను. అటుపిమ్మట నూటపదునైదేండ్లకు గాని, అనగా 2020 ఆగస్టు 10వ తేదీకి గాని, చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున 2,312 కిలోమీటర్ల పొడవున పరచిన ఆప్టికల్ ఫైబర్ కేబులు ప్రారంభమై, పోర్టుబ్లెయిరును, స్వరాజ్ ద్వీపమును, కార్ నికోబారును, మరికొన్ని దీవులను ప్రధానభూమితో కలుపలేదు. అయితే ఎంతటి కేబులైనను ఒడ్డునకు వచ్చి ఆగిపోవును. ఒడ్డునుండి ఓడ యడుగునకు, కార్యాలయపు బల్లనుండి క్రేను మీది మనిషికి, జెట్టీనుండి నడిసంద్రమున వలలాగుచున్న పడవకు మాటను మోసికొనిపోవునది నేటికిని అరచేతిలో ఇముడు ఆ చిన్న పెట్టెయే. దానినిగూర్చియే యీ వ్యాసము.

ఇట్టి పెట్టెలలో మూడు జాతులున్నవనియు, వానిని జనులు ఒకదానికొకటి పొరబడుచుందురనియు ముందుగా చెప్పుట మంచిది. మొదటిది కార్డ్‌లెస్ ఫోను. దీనికి గోడనున్న ఫోనులైనుతో కలిసిన బేస్ ఒకటి, చేతనుంచుకొని తిరుగు హ్యాండ్‌సెట్ మరియొకటి. ఐరోపాలో పుట్టి లోకమంతట వ్యాపించిన డెక్ట్ పద్ధతిలో 10 వాహకతరంగములు, ఒక్కొక్కదానియందు 12 జంట కాలభాగములు, వెరసి 120 మాటదారులుండును. వానిలో ఏది నిశ్శబ్దముగానున్నదో హ్యాండ్‌సెట్టే వెదకి ఎన్నుకొనును. దీని శక్తి సగటున 10 మిల్లీవాట్లు మాత్రమే కనుక, ఆరుబయట సుమారు 300 మీటర్లు, కట్టడముల లోపల 50 మీటర్లు దాటిన పిమ్మట దీనినుండి మాట నాశించుట వృథా. మద్రాసు ఐ.ఐ.టి.లోని పరిశోధకులు 1990ల దశకమున ఈ డెక్ట్‌నే ఆధారముగా గొని, పల్లెలకు తంతిలేని ఫోను నందించు కార్‌డెక్ట్ అను పద్ధతిని నిర్మించిన సంగతి మన పాఠకులలో కొందరికైనను జ్ఞప్తియందుండును. రెండవది వాకీటాకీ, దీనికి బేస్ అక్కరలేదు, మీట నొక్కి మాటలాడుట, వదలి వినుట దాని ధర్మము. మూడవది పడవలలో వాడు వి.హెచ్.ఎఫ్. సెట్టు, ఇదియు వాకీటాకీ వంటిదే యైనను, సముద్రయానమునకు లోకమంతట ప్రత్యేకించిన ఛానెళ్లలో పనిచేయును, ఆపదలో పిలుపునకు 156.8 మెగాహెర్ట్‌జ్‌నందున్న 16వ ఛానెలు దీనియందే కలదు.

మూడింటికిని గట్టి తొడుగు వేసి, రబ్బరు అంచులు చుట్టి, కఠినమైన పనిచోట్లకు తగినవని చెప్పి అమ్ముట నేటి వాడుక. ఆ గట్టితనమును పరీక్షింపవలెనన్న అండమానులకంటె తగిన పరీక్షామందిరము దొరకదు. హాడో రేవున సరకు దిగుచున్నప్పటి గొలుసుల మ్రోత, ఫీనిక్స్ బే ఓడమరమ్మతు కర్మాగారమున ఇనుప రేకులమీద సుత్తిదెబ్బలు, 1883లో ఆరంభమై నేటికిని నడచుచున్న చాథమ్ రంపపుమిల్లున పడౌకు దుంగలు చీలుచుండగా లేచు పొట్టు, జంగ్లీఘాట్ చేపలరేవున తెల్లవారుజామున తడిచేతులతో సెట్టును పట్టుకొను మనుష్యులు, వీటన్నిటికిని పైన సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్ల వరకు కురియు వాన. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపవాసులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా వ్రాయించుకొనిరి. వారిలో శ్రీకాకుళ, విశాఖ మండలములనుండి వచ్చిన మత్స్యకారులు తక్కువ కారు. కనుక ఈ నీటిలో తడిసిన సెట్టునుండి “మావా, ఇనబడ్డం నేదు, మల్లీ సెప్పు” అను మాట వినవచ్చినచో ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఆ మాట ఏల వినబడుట లేదో విచారింతము.

పెట్టెమీద ఐపీ 67 అని అచ్చువేసి యుండును. దానిని చూచి కొన్నవాడు ఇక సముద్రమున ముంచినను భయము లేదని తలచును. ఆ సంఖ్యలో మొదటి అంకె ధూళికి సంబంధించినది. 6 అనగా ధూళి యేమాత్రమును చొరకుండుట. ఈ పరీక్షకు వాడునది టాల్కం పొడి గాని రంపపుపొట్టు కాదు. పొట్టు లోపలికి పోకున్నను స్పీకరు రంధ్రములమీద చెమటతో కలిసి అట్టగట్టి శబ్దమును చంపగలదు, దానికి ఆ అంకె ఏమియు బాధ్యత వహింపదు. రెండవ అంకె నీటికి సంబంధించినది. 7 అనగా ఒక మీటరు లోతున అరగంటసేపు మునిగినను చెడకుండుట. ఆ నీరు కదలని మంచినీరు. ఉప్పునీరు కాదు, సబ్బునీరు కాదు, వేగముగా చిమ్ము పైపునీరు అసలే కాదు. నీటిధారకు వేరుగా 5, 6 అంకెల పరీక్షలున్నవి. ఏడింట నెగ్గినది ఆరింట నెగ్గునను నియమము లేదు. జెట్టీమీద పెద్ద గొట్టముతో డెక్కును కడుగుచు, అదేధారతో సెట్టునుగూడ కడిగెడి అలవాటు ఈ భ్రమనుండి పుట్టినదే.

ఎత్తునుండి పడు పరీక్ష సంగతియు ఇట్టిదే. మిల్-ఎస్‌టీడీ-810 అను అమెరికా సైనిక ప్రమాణము 1962లో వెలువడినది. దాని ప్రకారము నాలుగడుగుల యెత్తునుండి, అన్ని ముఖములమీదను, అంచులమీదను, మూలలమీదను కలిపి 26 మారులు పడవేయుదురు. అయితే ఈ ఇరువదియారు పాట్లను ఒకే సెట్టు పడనక్కరలేదు, అయిదు సెట్ల వరకు పంచవచ్చును. ఫలితమును సైన్యమేదియు ధ్రువీకరింపదు, తయారీదారే చెప్పుకొనును. ఇందులో మోసము లేదు. కాని ఓడ నిచ్చెన పైమెట్టునుండి ఉక్కు డెక్కుమీద పడుట నాలుగడుగుల లెక్కకు లొంగునది కాదు. గట్టితనమను పేరుతో అమ్ముడుపోవు దానిలో సగము కొనువాని గర్వమునకు తగిన తొడుగేయని నా అభిప్రాయము. ఉపయోగించు మిగిలిన సగమును కాపాడునది వాడువాని చేయి.

ఇప్పుడు అసలు శత్రువు వద్దకు వత్తము. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. నీరు ఆరిపోయినను లవణము ఆరదు. సన్నని పొరయై మీట చుట్టును, బ్యాటరీ కాంటాక్టుల మీదను, యాంటెనా మరల లోపలను నిలిచిపోవును. వంటింటి ఉప్పు గాలిలోని తేమ నూటికి 75 పాళ్లు దాటగానే ఆ తేమను పీల్చి తానే కరగి నీరగును. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణములు కూడ నుండుటచే అంతకంటె తక్కువ తేమలోనే ఆ పని మొదలగును. పోర్టుబ్లెయిరున తేమ ఏడాదిలో ఎక్కువ కాలము ఎనుబది పాళ్ల దరిదాపులలో నుండును. అనగా, సముద్రమున ఒకమారు తడిసిన సెట్టును అరుగుమీద పెట్టి ఆరినదనుకొనుట ఈ దీవులలో పొరబాటు: అది చూపునకు పొడిగానున్నను, కాంటాక్టులమీద కనబడని ఉప్పుచెమ్మ ఎక్కువ కాలము పట్టియే యుండును. ఆ చెమ్మగుండ బ్యాటరీ విద్యుత్తు కొద్దికొద్దిగా ప్రవహించుచు, లోహమును కరగించి పచ్చని చిలుముగా మార్చును. హైదరాబాదులో పదేండ్లు నిలుచు ఛార్జరు ఇచ్చట రెండవ వర్షాకాలమునకే మొరాయించుటలోని రహస్యమిదియే. చాలమంది దీనిని సరకు నాసిదనమునకు ఆరోపింతురు.

దీనికి మందు మంచినీరు. పని ముగియగానే మూతలన్నియు గట్టిగా మూసియున్నవో లేదో చూచి, చెంబెడు మంచినీటితో మెల్లగా కడిగి, మెత్తని బట్టతో తుడిచి, అటుపిమ్మట బ్యాటరీని విప్పి వేరుగా ఆరబెట్టవలెను. ధనిక్కరి జలాశయము అడుగంటి ఊరికి నీరు వంతులవారీగా వచ్చు వేసవిలో చెంబెడు నీరు సెట్టుకు పోయుట దుబారాగా తోచవచ్చును. కాని కొత్త సెట్టు వెలతో పోల్చినచో అది దుబారా కాదు. కడుగుటకు ముందు మూత తెరచి లోన చూచు కుతూహలము వలదు. రబ్బరు మూత అంచున చిక్కిన ఒక్క ఇసుకరేణువు, లేక ఒక్క వెండ్రుక చాలును, ఐపీ 67 యెల్ల ఆ క్షణముననే వట్టి యక్షరములగుటకు. ఇయర్‌ఫోను రంధ్రపు మూత ఊడిపోయిన సెట్టును నీటిమీదికి తీసికొనిపోరాదు. రబ్బరు వలయములు ఎండకును ఉప్పుకును గట్టిపడును గనుక ఏడాదికొకసారి మార్పించి, వానికి సిలికాన్ గ్రీజు పలుచగా పూయించుట మేలు. తడిసిన సెట్టును బియ్యపుడబ్బాలో పాతిపెట్టుట వాడుకలోనికి వచ్చినది. బియ్యము ఉప్పును తీయలేదు. దాని పొడి మాత్రము రంధ్రములలో చేరును. జుట్టు ఆరబెట్టు యంత్రముతో వేడిగాలి కొట్టినచో జిగురు వదలి రబ్బరు వంకరపోవును. గట్టిమూతగల డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఒకరాత్రి యుంచుట ఈ రెంటికంటె ఉత్తమము.

ఇక చెడిన సెట్టు. ఇందు తొందర పనికిరాదు. మాట పోలేదనగానే పెట్టెనే నిందించి రిపేరునకు పంపువారు అనేకులు. పంపిన వానిలో పెక్కింటికి లోపల రోగమే యుండదు. మొదట అనుమానింపవలసినది బ్యాటరీని. వినుటకు కావలసిన విద్యుత్తు స్వల్పము, మీట నొక్కి మాటలాడునప్పుడు కావలసినది దానికి ఎన్నోరెట్లు. ముసలి బ్యాటరీ వినునంతసేపు నిండుగానున్నట్లే దీపము చూపి, మీట నొక్కగానే కుప్పకూలును; అవతలివానికి మాట మొదటి అక్షరముననే తెగును. చక్కగా పనిచేయుచున్న మరియొక సెట్టునుండి బ్యాటరీని మార్చి చూచుటకంటె సులభమైన పరీక్ష లేదు. అప్పటికిని బాగుపడనిచో కాంటాక్టులు. వానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన బట్టతో తుడువవలెను, మొండి మురికికి పెన్సిలు తుడుచు రబ్బరు చాలును. గరుకు కాగితముతో గీయుట మహాపరాధము: పైనున్న పలుచని నికెలు లేక బంగారు పూత పోయి, అడుగు లోహము బయటపడి, నెలలోపలనే తిరిగి చిలుమెక్కును.

తరువాత యాంటెనా. ఇది మరతో బిగింపబడునది. పగిలినను వదులైనను వినుట కొంత సాగును గాని పలుకుట సాగదు. అది లేకుండ మీట నొక్కరాదు. బయటికి పోవలసిన శక్తి వెనుదిరిగి లోపలి భాగమునే కాల్చగలదు. యాంటెనాను పట్టుకొని సెట్టును వ్రేలాడదీసికొని నడచువారిని రేవులందు చూడవచ్చును. వారికి చెప్పి ప్రయోజనము లేదు.

ఇంకను బాగుగాకున్నచో లోపము పెట్టెయందు గాక మనయందుండవచ్చును. అందరును 5వ ఛానెలున నుండగా ఒక్కడు 6న నుండుట, ఒకే ఛానెలున నున్నను ఒకరి సెట్టున స్వరసంకేతము వేరుగా నమరియుండుట. రెండవ సందర్భమున దీపము వెలుగును, మాట వినబడదు, మనిషి పిచ్చివాడగును. చిన్న శబ్దములను అణచు స్క్వెల్చ్ మీటను మరీ బిగించినచో దూరపు మాటలుకూడ అణగిపోవును. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఉప్పుగట్టి మీట లోపలికి దిగబడి నిలిచిపోవుట. ఆ మనిషికి ఏమియు తెలియదు, కాని అతని జేబు శబ్దములు ఛానెలునంతటిని కమ్ముకొని, ఎవ్వరును పలుకుటకు వీలులేకుండ చేయును. క్రేను క్రింద మనుషులున్నవేళ ఇది ప్రాణములమీదికి వచ్చును. ఛానెలు హఠాత్తుగా మూగపోయినప్పుడు ప్రతివాడును ముందు తన మీటను తడిమిచూచుకొనవలెనను కట్టుబాటు ప్రతి రేవునందును ఉండదగినది.

రంపపుమిల్లులో కేకలు వేసినచో మాట స్పష్టమగునని తలచుట సహజము, నిజము విపరీతము. కేకతో మైకు తట్టుకొనలేక మాట చెదరును. నోటికి రెండు మూడంగుళముల దూరమున సెట్టునుంచి, మీట నొక్కిన పిదప ఒక్క క్షణమాగి, మామూలు గొంతుతో నిదానముగా పలుకవలెను. ఆగకున్నచో మొదటి మాట మ్రింగబడును. ఆ మాట ‘ఆపు’ అయినచో ఏమగునో ఊహింపుడు. మైకు రంధ్రమున నీరు నిలిచినను గొంతు బావిలోనుండి వచ్చినట్లుండును, అప్పుడు సెట్టును బోర్లించి మెల్లగా తట్టిన చాలును, సూదితో పొడిచిన లోపలి పొర చిరుగును. మిక్కిలి మ్రోతగల చోట చెవులను కప్పు హెడ్‌సెట్టే గతి.

దూరము సంగతి వేరు. వి.హెచ్.ఎఫ్. తరంగములు దాదాపు చూపువెంబడి నడచును. యాంటెనా ఎత్తును మీటర్లలో గొని, దాని వర్గమూలమును 4.12తో గుణించినచో, ఆ యెత్తునుండి రేడియో దిగంతము ఎన్ని కిలోమీటర్లో వచ్చును; రెండు వైపుల లెక్కలను కూడవలెను. రెండు మీటర్ల యెత్తున సెట్టులు పట్టుకొనిన రెండు పడవల నడుమ హద్దు సుమారు 12 కిలోమీటర్లు. అదే, ఒకవైపు ఒడ్డున 64 మీటర్ల స్తంభమున్నచో సుమారు 39. కనుక అయిదు వాట్ల సెట్టు చాలలేదని పది వాట్లది కొనుటకంటె యాంటెనాను మరికొంత పైకెత్తుట లాభము. అయితే ఈ లెక్క సాఫైన సముద్రమునకే. ఉత్తర అండమానున 732 మీటర్ల శాడిల్ పీక్ వంటి కొండ నడుమ నిలిచినచో దాని నీడలో ఎంత శక్తియైనను వృథా. తడిసిన దట్టమైన అడవి తరంగమును పీల్చును. ఇనుప ఓడ అడుగు అరలలోనికి, కంటెయినర్ల వరుసల నడిమికి అది కష్టముమీద గాని పోదు. అచ్చట మాట తెగినచో రెండడుగులు పక్కకు జరిగి చూచుట మొదటి చికిత్స. కార్డ్‌లెస్ ఫోను బేసునుగూడ ఇనుపబీరువా వెనుక దాచక, గోడమీద ఎత్తుగా పెట్టించవలెను.

ఈ చిన్న పెట్టెలను నిర్లక్ష్యము చేయరాదనుటకు 2004 డిసెంబరు 26వ తేదీ సాక్ష్యము. హైదరాబాదులో 1983లో వెలసిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము ఆ నెల ఆరంభముననే పోర్టుబ్లెయిరున హామ్ రేడియో కేంద్రమును తెరచియుండెను. 1987 తరువాత ఈ దీవులనుండి హామ్ ప్రసారము లేకుండుటచే లోకమంతటి ఔత్సాహికులు వీయూ4ఆర్‌బీఐ అను ఆమె సంకేతనామమునకై చెవులు నిక్కించుకొని యుండిరి. ఆ యాదివారమునాడు ఉదయము ఆరున్నరకు భూమి కంపించెను, వెనువెంటనే సముద్రము లేచెను, ఫోనులు మూగవోయెను. వినోదమునకై తెచ్చిన సెట్లు ఆ క్షణమునుండి ఆర్తుల వార్తలను మోయసాగెను. కార్ నికోబారునకును ఒక కేంద్రమును తరలించి బంధువుల క్షేమసమాచారములను ప్రధానభూమికి చేరవైచిరి. టవరు కూలినను, కరెంటు పోయినను, బ్యాటరీయు యాంటెనాయు ఉన్నంతవరకు రేడియోకు నడిమివారి యవసరము లేదు. కార్డ్‌లెస్ ఫోనునకు ఆ స్వాతంత్ర్యము లేదు, బేసునకు కరెంటు పోగానే అది బొమ్మయగును. 2007లో మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రము హైదరాబాదుననే నెలకొనినది. అచ్చటి హెచ్చరిక నిమిషములలో దీవులకు చేరగలదు, కాని నడిసంద్రమున నున్న పడవ దానిని వినుట ఆ పడవలోని సెట్టు ఛార్జుమీద ఆధారపడును.

చట్టమును గూర్చి రెండు మాటలు. వాకీటాకీ కొనుట బజారున టార్చిలైటు కొనునట్లు కాదు. 2018 నియమముల ప్రకారము 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్‌జ్ వరకు గల స్వల్పశక్తి సెట్లకు లైసెన్సు అక్కరలేదు. ఇతరములకు అనుమతి కావలెను. చమురు నిల్వలవద్ద, పెట్రోలు దిగు రేవులవద్ద నిప్పురవ్వ పుట్టింపనట్లు ప్రత్యేకముగా నిర్మించి ధ్రువీకరించిన సెట్టునే వాడవలెను. అట్టిదానికి చౌకరకపు బ్యాటరీ తగిలించిన క్షణమున ఆ ధ్రువీకరణ చెల్లదు. అచ్చట బ్యాటరీని విప్పి మార్చుటయు తగదు.

బ్యాటరీని ఎల్లప్పుడును ఛార్జరుమీదనే నిలిపి, నిండుకుండవలె ఉంచినచో లిథియం-అయాన్ జాతి వేడిలో త్వరగా ముసలిదగును. వాడని నెలలలో సగము ఛార్జుతో చల్లని పొడిచోట నుంచవలెను. ఉబ్బిన బ్యాటరీని ఆ క్షణమే వాడుకనుండి తొలగింపవలెను. ద్వీపవాసికి ఇందొక చిక్కున్నది: విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా పంపుట 2016 ఏప్రిల్ 1నుండి అంతర్జాతీయ నియమములచే నిషిద్ధము. చెడినవి, ఉబ్బినవి ఏ విమానముననైనను పోరాదు. అందుచే బ్యాటరీలకు ఓడదారియే శరణ్యము. వర్షాకాలమున ఓడ ఆలస్యమైనచో రేవునందలి పని ఆగును. కావున ప్రతి పనిచోటను రెండు మూడు బ్యాటరీలు, ఒక యాంటెనా, రబ్బరు వలయములు మే నెల రాకమునుపే తెప్పించి యుంచుకొనుట యుక్తము. అత్యవసరమైనచో చెన్నపట్టణమునుండియో విశాఖపట్టణమునుండియో వచ్చు మనిషి తన చేతిసంచిలో వానిని తేవచ్చును: 100 వాట్-అవర్ల లోపు విడి బ్యాటరీకి అనుమతి కలదు, 7.4 వోల్టులు 2,200 మిల్లీయాంపియర్-అవర్లు గల మామూలు వాకీటాకీ బ్యాటరీ 16 మాత్రమే. కొనలకు టేపు అంటించి, ఒక్కొక్కదానిని వేరువేరు సంచిలో పెట్టించవలెను. ఉబ్బిన పాతదానిని మాత్రము ఇసుక నింపిన ఇనుపడబ్బాలో, సరకుగదికి దూరముగా, ఎలక్ట్రానిక్ చెత్త సేకరించువారు వచ్చువరకు ఉంచక తప్పదు.